జతపరిచిన కాగితం

రాత్రి రెండుగంటల పదినిమిషాలకి
వూచ్ నగరంలో, ట్రాముల షెడ్డు కాపలా గదిలో,
హాల్ష్కా పేరుమీద ఉత్తరం వచ్చింది.
"నువ్వడిగింది దొరికింది, విను."
అంతే, ఒకటే ముక్క.

ఏమడిగానో నాకు తెలుసు.
గ్దీనియా ఓడరేవు కచేరీ, ఎనభై ఏడు నవంబరు.
కరెంటు పోయినా ద్రోగోష్ పాట ఆపని
ఆ పదకొండు నిమిషాలు.
ఎవరో టేపు చేశారని అందరం అంటాం,
ఆ ఎవరో ఎవరో ఎవరికీ తెలీదు.
పద్నాలుగేళ్ళుగా అడుగుతున్నవాడు
అడిగింది గుమ్మంలోకొచ్చి తలుపు తడితే
గడియ తీసేముందు "ఎవరూ?" అంటాడా?

నొక్కాను.

పాట రాలేదు.
ప్లమ్ పళ్ళ జాము సీసాల లెక్క వచ్చింది.
పెద్దది పన్నెండు, చిన్నది ఏడు,
కింద "చెల్లెలి దగ్గర డబ్బు పుచ్చుకోకూడదు" అని.
హాల్ష్కా జాము అమ్ముతుందని నాకు తెలీదు.
నిజానికి ఆమె గొంతే తెలీదు.
టేపు అట్టలమీద చేతిరాత తెలుసు,
ఏడు అంకె నడుముకి ఆమె కట్టే
అడ్డగీత తెలుసు.

తెల్లారేసరికి నూట పన్నెండుమందిమీ మంచమెక్కాం.
'ఉప్పు రైలు' బృందానికి
ఈ లోకంలో మిగిలిన అభిమానులం అంతమందిమే.
ఎవరి యంత్రం వాళ్ళకి చెప్పకుండా
చేతికందిన కాగితమొకటి లాగి
శుభలేఖలు పంచినంత శ్రద్ధగా
ఒక్క గడపా వదలకుండా పంచింది.

విల్నియస్ నుంచి రిటిస్: విడాకుల అర్జీ,
మూడో పేజీ మాత్రమే.
మొదటి రెండూ ఏమయ్యాయని మేమెవరం అడగలేదు.
ష్చెచిన్ నుంచి జిస్వాఫ్: తరగతి హాజరుపట్టీ.
పైన బడి పేరు చదివి కుర్చీలో వెనక్కి వాలాను.
బధిర పిల్లల బడి.
ఏ పాటలో బేస్ గిటారు ఎక్కడ గోడని తాకుతుందో
పేజీలకొద్దీ రాసే మనిషి!
లైప్‌జిగ్‌లో ఎవరిదో పళ్ళ డాక్టరు బిల్లు,
మూడుసార్లు వాయిదా పడింది.

నవ్వాను, నవ్వకూడదనుకుంటూనే.
అప్పుడు గుర్తొచ్చింది
నాకూ ఒక యంత్రం ఉందని.

ఏప్రిల్లో రాసి ఎవరికీ చూపించనిది,
కొత్త రికార్డు మీద రెండు పేజీలు.
"ద్రోగోష్ గొంతు తుప్పుపట్టింది.
మూడో పాట మనకోసం కాదు,
తన పాత ఫోటోని చూసుకుంటూ పాడుకున్నాడు.
ఇంక ఆపితే మేలు."
ఆ చివరి మాట కింద గీత కూడా గీసి ఉంది.
వెళ్ళిన చిరునామాల్లో ఎనభైమూడోది
ద్రోగోష్ భార్యది.

వారంరోజులు కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంచాను,
జ్వరమొచ్చిన పిల్లాడికి కప్పినట్టు.
బాగుచెయ్యడానికొచ్చిన కుర్రాడు సెవెరిన్ అన్నాడు:
"తెలిసినవాళ్ళ దగ్గర్నుంచొస్తేనే ఎక్కువ జాగ్రత్త, బాబాయ్."
తెలియనివాళ్ళు నాకేం రాస్తారురా, అన్నాను.

హాల్ష్కాకి నలభై సీసాల ఆర్డర్లు వెళ్ళాయట.
రిటిస్‌కి ఎవరూ ఒక్క మాటా రాయలేదు.
టేపులు మాత్రం పంపారు, అడగనివి. నేనూ ఒకటి.
పిల్లలు పాట ఎలా వింటారని జిస్వాఫ్‌ని ఎవరో అడిగితే
"బెలూన్ని గుండెకానించుకుని" అన్నాడు.

గ్దీనియా నుంచి ఏమీ లేదు.
ఆగస్టు. సెప్టెంబరు.
ట్రాములు వచ్చేవి, కడిగించుకుని పోయేవి.

అక్టోబరులో పోస్టుమాన్ తెచ్చాడు,
బిళ్ళ అంటించిన మందపాటి కవరు.
"ఆయన చదివాడు. రెండ్రోజులు నాతో కూడా మాట్లాడలేదు.
మూడో పాట గురించి నువ్వన్నది నిజమేనట.
మిగతాది కాదట."

కవరు అడుగున ఇంకేదో తగిలింది,
పాత వార్తాపత్రికలో చుట్టి, దారం బిగించి.
అరచేతి పొడుగు, వేలి మందం.
ఆ కొలత నా వేళ్ళకి తెలుసు.

కత్తెర పట్టుకుని
చాలాసేపు ఆగాను.